నాన్న మౌనం, నా దరఖాస్తు

మొదటిసారి పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టినప్పుడు నా స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ మా నాన్నతో మొదలైంది. ఆయన రోజుల తరబడి ఎవరితోనూ మాట్లాడకుండా కిటికీ పక్కన కుర్చీలో కూర్చుండిపోయేవారని, ఆ మౌనం వెనక ఏముందో తెలుసుకోవాలన్న తపనే నన్ను మనస్తత్వశాస్త్రం వైపు నడిపించిందని, ఆయనలాంటి వాళ్లకు సాయపడటమే నా జీవిత లక్ష్యమని రెండు పేజీలు రాశాను. అందులో ఒక్క వాక్యం కూడా అబద్ధం కాదు. ఆ ఏడు తొమ్మిది చోట్లకు పంపాను. తొమ్మిది చోట్లా కాదన్నారు; ఇంటర్వ్యూకు కూడా ఎవరూ పిలవలేదు. రెండేళ్ల తర్వాత మళ్లీ రాసిన స్టేట్‌మెంట్‌లో నాన్న గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. ఈసారి నాలుగు చోట్ల ఇంటర్వ్యూకు పిలిచారు, రెండు చోట్ల సీటు ఇచ్చారు.

ఆ రెండు ప్రతులూ ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. సైకాలజీలో డాక్టరేట్‌కు దరఖాస్తు చేయబోయేవాళ్లు తమ చిత్తుప్రతులు చదివి పెట్టమని నాకు పంపుతుంటారు. వాటిలో చాలా మటుకు నా మొదటి స్టేట్‌మెంట్‌కు తోబుట్టువుల్లా ఉంటాయి. ఒకరికి అమ్మ, ఒకరికి అన్న, ఇంకొకరికి తమ సొంత మనసే. చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. కానీ చివరి పేరా దాకా వచ్చినా ఈ మనిషి రాబోయే ఐదారేళ్లు కూర్చుని ఏం కనిపెట్టాలనుకుంటున్నారో అంతుచిక్కదు. వాళ్లకు విడివిడిగా చెబుతూ వచ్చిన మాటను ఇక్కడ ఒక్కచోట చెబుతున్నాను. మనల్ని ఈ శాస్త్రం దగ్గరకు తీసుకొచ్చిన గాయం ఎంత నిజమైనదైనా, దాన్ని వర్ణించినంత మాత్రాన దరఖాస్తు కాదు. ఆ గాయంలోంచి పరీక్షించడానికి వీలైన ఒక ప్రశ్నను బయటికి తీసి, దానికి మనకు నచ్చని జవాబు వచ్చినా ఒప్పుకోగలమని చూపించినప్పుడు అది దరఖాస్తు అవుతుంది.

గాయంతో ఈ చదువులోకి రావడం అరుదైన సంగతేమీ కాదు. క్లినికల్, కౌన్సెలింగ్, స్కూల్ సైకాలజీ విభాగాల అధ్యాపకులనూ విద్యార్థులనూ కలిపి 1,692 మందిని అడిగి 2022లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మానసిక ఇబ్బందులు ఎదుర్కొన్నామని 80 శాతానికి పైగా చెప్పారు. 48 శాతం మంది తమకు ఫలానా రుగ్మత ఉందని వైద్యపరంగా నిర్ధారణ అయిందన్నారు. అంటే దరఖాస్తు చదివే బల్లకు ఇటువైపు ఉన్నవాళ్లలాగే అటువైపు ఉన్నవాళ్లలో కూడా చాలామంది ఆ దారినే వచ్చారు. అయితే 2006లో డ్రూ ఆపిల్‌బీ, కరెన్ ఆపిల్‌బీ ప్రచురించిన సర్వేను దీని పక్కన పెట్టి చూడాలి. సైకాలజీ అడ్మిషన్ కమిటీల అధ్యక్షులను, బలమైన దరఖాస్తును కూడా ముంచేసే తప్పులేమిటని వాళ్లు అడిగారు. వచ్చిన 88 జవాబుల్లోంచి తేలిన తప్పుల్లో దెబ్బతీసే వ్యక్తిగత ప్రకటన (స్టేట్‌మెంట్) ఒకటి. సొంత మానసిక సమస్యల గురించి మితిమీరి చెప్పుకోవడం, అందరికీ మేలు చేయాలన్న ఆర్తిని అతిగా ఒలకబోయడం అందులోకే వస్తాయి. నా మొదటి స్టేట్‌మెంట్‌లో ఈ రెండూ ఉన్నాయి.

ఈ రెండు అధ్యయనాలనూ కలిపి చూసినప్పుడు నాకు మొదట కోపమే వచ్చింది. మనసు నొచ్చుకున్న వాళ్ల గురించి చదివే శాస్త్రం, తానే నొచ్చుకున్న మనుషులతో నిండిన శాస్త్రం, ఆ నొప్పిని పైకి చెప్పినవాళ్లను గడప దగ్గరే ఆపేస్తుందా? ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. దాని దగ్గరకు మళ్లీ వస్తాను. కానీ నా సంగతిలో కమిటీలు నన్ను తోసిపుచ్చింది నాన్న గురించి చెప్పినందుకు మాత్రమేనని అప్పుడు అనుకున్నాను చూడండి, అది పొరపాటు. నాన్నను తీసేసి చూస్తే నా రెండు పేజీల్లో ఇంకేమీ మిగలలేదు.

డాక్టరేట్ అంటే ఏమిటో నాకు అప్పటికి సరిగా తెలియదు. బీఏ, ఎంఏ తర్వాత వచ్చే పై మెట్టనీ, మనుషులకు వైద్యం చేయడానికి కావలసిన పెద్ద అర్హత అనీ అనుకునేదాన్ని. నిజానికి 1949లో అమెరికాలోని బౌల్డర్‌లో జరిగిన సమావేశం క్లినికల్ సైకాలజిస్టు శాస్త్రవేత్తా చికిత్సకుడూ అయి ఉండాలని, రెండింటిలోనూ శిక్షణ పొందాలని తీర్మానించింది. ఆ శాఖలో పీహెచ్‌డీ ఇప్పటికీ ఎక్కువగా ఆ అచ్చులోనే నడుస్తోంది. పరిశోధన కంటే చికిత్సకే పెద్దపీట వేసే సైడీ (PsyD) అనే మరో డాక్టరేట్‌కు 1973లో వేల్ అనే ఊళ్లో జరిగిన సమావేశం ఆమోదం తెలిపింది. ఇక సామాజిక, అభివృద్ధి, జ్ఞాన సంబంధ శాఖల్లో పీహెచ్‌డీ చేసేవాళ్లకు చికిత్సతో సంబంధమే ఉండదు. ఈ తేడా తెలియకుండా దరఖాస్తు పెట్టేవాళ్లు ఇప్పటికీ ఎందరో. నాకు తెలిసినవాళ్లలో ఇద్దరు ఎదుటి మనిషి మాట వినడంలో నా కంటే వంద రెట్లు నేర్పరులు. గణాంకాలంటే వాళ్లకు ఒళ్లుమంట. వాళ్లు కౌన్సెలింగ్‌లో మాస్టర్స్ చేసి లైసెన్సు తీసుకుని, ఇప్పుడు రోజూ మనుషులతో పని చేస్తున్నారు. ఐదారేళ్లు పరిశోధన చేయాలన్న కోరిక లేనివాళ్లు పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టకపోవడమే వాళ్లకూ, వాళ్ల సాయం అందుకోబోయే మనుషులకూ మంచిదని నేను నిస్సంకోచంగా చెబుతాను.

తొమ్మిది తిరస్కరణల తర్వాత ఒక ప్రొఫెసర్ ల్యాబ్‌లో సహాయకురాలిగా చేరాను. తల్లీబిడ్డలు కలిసి ఆడుకునే వీడియోలు చూసి, ప్రతి పది సెకన్ల ముక్కకూ బిడ్డ ముఖంలో సంతోషం ఉందా, కోపం ఉందా, విచారం ఉందా, ఏదీ లేక తటస్థంగా ఉందా అని గుర్తు పెట్టడం నా పని. దీన్ని కోడింగ్ అంటారు. ఒకే వీడియోను ఇద్దరు, ఒకరి గుర్తులు ఒకరు చూడకుండా కోడ్ చేస్తారు. తర్వాత ఇద్దరి గుర్తులూ ఎంతవరకు కలిశాయో లెక్క కడతారు. మొదటి నెల చివర మా లెక్క వచ్చింది. నూటికి 78 ముక్కల్లో నేనూ నా జోడీ ఒకే గుర్తు పెట్టాం. నేను సంతోషపడ్డాను. ప్రొఫెసర్ మాత్రం ఆ అంకె పక్కన 0.41 అని రాసి, దాని కింద గీత గీశారు.

అది కాపా. 1960లో జేకబ్ కోహెన్ ప్రతిపాదించిన కొలత. బిడ్డ ముఖం ఎక్కువ సేపు తటస్థంగానే ఉంటుంది కాబట్టి, ఇద్దరం వీడియో చూడకుండా మా అలవాటు ప్రకారం గుర్తులు పెట్టుకుంటూ పోయినా కేవలం యాదృచ్ఛికంగా నూటికి 63 చోట్ల కలిసేవాళ్లం. ఆ 63 తీసేస్తే మిగిలేది 37. అందులో మేం నిజంగా సంపాదించుకున్నది 15 మాత్రమే. పదిహేనును ముప్ఫై ఏడుతో భాగిస్తే 0.41. వీడియోల్లో ఉన్నదాన్ని మేమిద్దరం ఒకేలా చూడటం లేదన్నమాట. కుదరని చోట్లన్నీ మళ్లీ చూడమన్నారు. చూస్తే, తగువు పడ్డ ముక్కల్లో ఎక్కువ భాగం ఒకే తరహావి: నా జోడీ తటస్థం అని పెట్టిన చోట నేను విచారం అని పెట్టాను.

ఒక ముక్క నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నాలుగేళ్ల పాప చేతిలోని చెక్క దిమ్మెను కింద పెడుతుంది. తల్లి పక్కకు తిరిగి ఏదో కాగితం చూస్తోంది. పాప గోడ వైపు చూస్తూ కూర్చుంటుంది. పది సెకన్లు, అంతే. నేను విచారం అని పెట్టాను. నా జోడీ వీడియో ఆపి అడిగింది: "కనుబొమల లోపలి కొసలు పైకి లేచాయా?" లేవలేదు. "పెదవుల కొసలు కిందికి దిగాయా?" దిగలేదు. పాల్ ఎక్మన్, వాలస్ ఫ్రీసెన్ 1978లో వెలువరించిన ముఖ కదలికల పద్ధతిని బట్టి మేం వాడే సూచనల పుస్తకంలో విచారానికి ముందుగా వెతకమన్న గుర్తులు అవే. "మరి నీకు విచారం ఎక్కడ కనిపించింది?" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ పాప ముఖంలో విచారం లేదు. కిటికీ పక్క కుర్చీ ఒకటి నా కళ్లలో ఉంది.

ఆ సాయంత్రం నాకు సిగ్గుగా అనిపించింది. ఒకటి రెండు రోజులకు ఆ సిగ్గు పోయి, దాని స్థానంలో కుతూహలం వచ్చింది. కుంగుబాటుతో ఉన్న తల్లి దగ్గరో తండ్రి దగ్గరో పెరిగిన పిల్లలు పెద్దయ్యాక ఎదుటివాళ్ల తటస్థమైన ముఖంలో బాధను చూస్తారా? చూస్తే, దానికి రెండు కారణాలు ఉండవచ్చు. చిన్నప్పటి నుంచి ముఖాలు కనిపెట్టుకుని బతికారు కాబట్టి, ఇతరులకు కనిపించని సన్నని విచారపు ఛాయ కూడా వాళ్ల కంటికి ఆనుతూ ఉండవచ్చు. లేదా వాళ్ల చూపు ఏమంత పదునైనది కాకపోయినా, పొరపాటున బాధను వదిలేయడం కంటే లేని బాధను ఉందనుకోవడమే క్షేమమని వాళ్ల మనసు ఎప్పుడో తీర్మానించుకుని ఉండవచ్చు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కానీ సిగ్నల్ డిటెక్షన్ సిద్ధాంతంలో ఈ రెండింటినీ విడదీసే మార్గం ఉంది: మొదటిది గ్రహణశక్తిలో తేడా, రెండోది అవునని చెప్పడానికి పెట్టుకున్న హద్దులో తేడా. నిజంగా విచారం ఉన్న ముఖాలూ లేని ముఖాలూ కలిపి చూపించి, ఉన్నచోట ఎన్నిసార్లు పట్టుకున్నారో, లేనిచోట ఎన్నిసార్లు ఉందన్నారో విడివిడిగా లెక్కిస్తే రెండింటినీ వేరుగా కొలవవచ్చు.

నా రెండో స్టేట్‌మెంట్ ఈ ప్రశ్న చుట్టూ రాసిన పేరాతో మొదలైంది. అందులో మొదటి వాక్యం 0.41 గురించి. నాన్న గురించి రాసిన ఒక్క వాక్యం ఏమిటంటే, నేను కుంగుబాటుతో ఉన్న తండ్రి దగ్గర పెరిగాను కాబట్టి ఈ తేడా నా కోడింగ్‌లోనే ముందుగా నా కంటపడిందని. ఆ వాక్యం లేకపోయినా ప్రశ్న నిలబడుతుంది. ఉంటే మాత్రం ఆ ప్రశ్న నా దగ్గరకు ఏ దారిన వచ్చిందో నిజాయితీగా చెప్పినట్టవుతుంది. చిత్తుప్రతులు పంపేవాళ్లకు నేను చెప్పే పరీక్ష ఇదే: మీ బాధ గురించిన వాక్యాలన్నీ కొట్టేసి మిగిలింది చదవండి. మిగిలిన దానిలో ఒక ప్రశ్న, దాన్ని పరీక్షించే తీరు, మీరు ఇప్పటికే చేసిన పని కనిపిస్తే, కొట్టేసిన వాటిలోంచి ఒకటో రెండో వెనక్కి తెచ్చుకోండి. ఏమీ మిగలకపోతే ఈ ఏడు దరఖాస్తు రుసుము కట్టకండి. ఎక్కడో ఒక ల్యాబ్‌లో చేరండి.

మరో రెండు సంగతులు మాత్రం త్వరగా చెప్పి ముందుకు సాగుతాను. పరిశోధన ప్రధానమైన ప్రోగ్రాముల్లో చాలా చోట్ల మనల్ని విశ్వవిద్యాలయం కంటే ముందు ఒక గైడ్ ఎంచుకుంటారు. కాబట్టి ర్యాంకుల పట్టికలు చూసి జాబితా రాసుకోవడం కంటే, మన ప్రశ్నకు దగ్గరగా పని చేస్తున్నవాళ్లు ఎవరో వెతుక్కుని, వాళ్ల గత మూడేళ్ల వ్యాసాలు చదివి, ఈ ఏడు కొత్త విద్యార్థిని తీసుకుంటున్నారా అని నాలుగు వాక్యాల ఈమెయిల్‌లో అడగడం మేలు. వ్యాసాల చివర తమ అధ్యయనానికి ఉన్న పరిమితుల గురించి రచయితలు రాసే పేరా చాలామంది దాటేస్తారు. నేను పీహెచ్‌డీకి చేరిన ల్యాబ్‌లో నాకు చోటు దొరికింది ఆ పేరా వల్లే. తాము వాడిన పద్ధతి గ్రహణశక్తినీ హద్దునూ విడదీయలేకపోయిందని ఆ ప్రొఫెసర్ తన వ్యాసంలో ఒక వాక్యంలో ఒప్పుకున్నారు. రెండోది రికమెండేషన్ లెటర్లు. క్లాసులో మంచి మార్కులు ఇచ్చిన పెద్ద పేరున్న అధ్యాపకుల కంటే, మన తప్పును దగ్గర నుంచి చూసి, దాన్ని మనం ఎలా దిద్దుకున్నామో రాయగలిగిన వారి ఉత్తరం విలువైనది. నా కాపా 0.41 నుంచి 0.76కు ఎలా చేరిందో కోడింగ్ ల్యాబ్‌లోని మా ప్రొఫెసర్ తన ఉత్తరంలో రాశారని తర్వాత ఒక ఇంటర్వ్యూలో తెలిసింది.

ఇక తిరస్కరణ గురించి. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే తొమ్మిది ఉత్తరాలు వరసగా వచ్చిన ఆ చలికాలంలో నేను పనికిరానిదాన్నని పూర్తిగా నమ్మాను. ఆ నమ్మకానికి విరుగుడు మన శాస్త్రంలోనే ఉందని అప్పుడు తెలియదు. మనుషుల భవిష్యత్తును అంచనా వేయడంలో నిపుణుల బుద్ధికుశలత కంటే మామూలు లెక్కల సూత్రమే సాధారణంగా మెరుగ్గా, కనీసం దానితో సమానంగా, పని చేస్తుందని మనస్తత్వవేత్త పాల్ మీల్ 1954లోనే వాదించారు. మరో మనస్తత్వవేత్త రాబిన్ డాస్ 1971లో దీన్ని తన సొంత ఇంటికే వర్తింపజేశారు. ఓరెగన్ విశ్వవిద్యాలయం సైకాలజీ విభాగంలో అడ్మిషన్ కమిటీ అభ్యర్థులకు ఇచ్చిన రేటింగులనూ, చేరిన విద్యార్థులు ఎలా రాణించారన్న విషయంలో అధ్యాపకులు తర్వాత ఇచ్చిన రేటింగులనూ పోల్చి చూస్తే సహసంబంధం (పూర్తిగా కలిస్తే 1, ఏ సంబంధమూ లేకపోతే 0) 0.19 వచ్చింది. పరీక్ష మార్కులు, డిగ్రీ మార్కులు, చదివిన కళాశాల స్థాయి అన్న మూడింటిని కలిపిన సాదా సూత్రం అంతకంటే ఎక్కువ సాధించింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చేర్చుకున్నవాళ్ల ఫలితాలే మనకు తెలుస్తాయి, తోసిపుచ్చినవాళ్లు చేరి ఉంటే ఏమయ్యేవారో తెలియదు. అలా ఒక ముక్కే చూసినప్పుడు సహసంబంధం తగ్గి కనిపించడం సహజం. డాస్ కూడా ఆ సంగతి తర్వాత రాశారు. ఆ జాగ్రత్త పాటించినా, ఒక కమిటీ కాదన్నంత మాత్రాన అది మన మీద తీర్పు అనుకోవడానికి ఆధారం చాలా బలహీనం.

తలుపు మూసినవాళ్ల లెక్కలు తప్పడం కొత్త కాదు. మనస్తత్వవేత్త మేరీ విటన్ కాల్కిన్స్ 1895 నాటికి హార్వర్డ్‌లో డాక్టరేట్‌కు కావలసినవన్నీ పూర్తి చేశారు. ఆమెను పరీక్షించిన ఆచార్యులు డిగ్రీ ఇవ్వాలని సిఫారసు చేశారు. స్త్రీ అయినందుకు విశ్వవిద్యాలయం ఇవ్వలేదు. పదేళ్లకు, 1905లో, ఆమె అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షురాలయ్యారు. ఆమె అందుకోని ఆ డిగ్రీని తలచుకున్నప్పుడల్లా నాకు ఊరట కంటే బాధే ఎక్కువ కలుగుతుంది.

అందుకే ఎంపికలో మనం కూడా ఎంచుకునేవాళ్లమేనన్న సంగతి మరిచిపోకూడదని పదే పదే చెబుతాను. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న ప్రతి డాక్టరేట్ ప్రోగ్రామూ కొన్ని లెక్కలను అందరికీ కనిపించేలా పెట్టి తీరాలి: ఎంతమంది చేరారు, ఎన్నేళ్లలో పూర్తి చేశారు, ఎంతమంది మధ్యలో మానేశారు, ఇంటర్న్‌షిప్ ఎందరికి దొరికింది, తర్వాత లైసెన్సు ఎందరు పొందారు, ఫీజు ఎంత. ఇంటర్వ్యూకు వెళ్లే ముందు నేను అన్నిటికంటే ఎక్కువసేపు చూసింది మానేసినవాళ్ల వరస. ఏటా చేరేది ఎనిమిది మందే అయినప్పుడు వరసగా రెండు మూడేళ్ల పాటు ఇద్దరేసి వెళ్లిపోయారంటే, అక్కడి విద్యార్థులను విడిగా కలిసి ఎందుకని అడగాలి. ఫీజు మాఫీ, స్టైపెండ్ ఇచ్చే చోటుకూ, పూర్తి ఫీజు కట్టించుకునే చోటుకూ మధ్య ఉన్న తేడా పట్టా అందిన రోజుతో ముగిసిపోదు; అప్పు తీరేదాకా ఏ ఉద్యోగం చేయాలో, ఎవరికి సేవ చేయగలమో అదే నిర్ణయిస్తుంది. సీటు వచ్చాక కూడా హడావుడి పడనక్కర్లేదు. ఆర్థిక సాయంతో వచ్చిన సీటుకు ఏప్రిల్ 15కు ముందే జవాబు చెప్పి తీరాలని ఒత్తిడి చేయకూడదని, నేను సీటు అందుకున్న రోజుల్లో అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయాలు ఒక ఒప్పందం మీద సంతకం చేసి ఉన్నాయి. ఫిబ్రవరిలో నాకు ఒక చోటి నుంచి ఫోన్ చేసి, వారం లోపల చెప్పకపోతే వేరేవాళ్లకు ఇస్తామన్నారు. ఆ ఒప్పందం సంగతి నాకు తెలుసు కాబట్టి ఏప్రిల్ దాకా ఆగుతానని మర్యాదగానే చెప్పాను. తర్వాత ఆ మాట వాళ్లు మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు, ముందు పక్కన పెట్టిన కోపం సంగతి. గాయం గురించి తక్కువ చెప్పండని నేను దరఖాస్తుదారులకు చెబుతున్నాను; కానీ ఈ సలహా అవసరం కావడంలో తప్పెవరిదన్నది కూడా చెప్పాలి. "మీ గురించి చెప్పండి, మీరు ఈ రంగానికి ఎందుకు వచ్చారో చెప్పండి" అని ఫారంలో అడుగుతారు. తెలిసిన సీనియర్లు ఉన్నవాళ్లకు, అక్కడ అడుగుతున్నది పరిశోధన చరిత్ర అని ముందే తెలుసు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలు ఆ ప్రశ్నను ఉన్నది ఉన్నట్టు చదివి, నిజాయితీగా తమ కథ చెబుతారు. ఆ నిజాయితీకి మార్కులు కోస్తారు. ఇది నాకు అన్యాయంగా కనిపిస్తుంది. కావలసింది పరిశోధన ప్రశ్న అయితే, పరిశోధన ప్రశ్న రాయమనే అడగాలి. ఏం చూస్తారో, దేనికి ఎన్ని మార్కులో ముందే చెప్పాలి. అభ్యర్థులందరినీ ఒకే ప్రశ్నలు అడిగి ఒకే కొలబద్దతో కొలిచే ఇంటర్వ్యూ, ఇష్టం వచ్చినట్టు సాగే సంభాషణ కంటే నమ్మదగినదని ఉద్యోగ ఎంపికల మీద మన శాస్త్రమే దశాబ్దాలుగా చెబుతోంది. ఇతరులకు చెప్పే ఆ మాటను సైకాలజీ విభాగాలు తమ గదుల్లో ఎందుకు పాటించవు?

దీనికి ఒక జవాబు తరచు వినిపిస్తుంది: సొంత గాయం మానని మనిషి రోగుల ముందు కూర్చుంటే ప్రమాదం కదా, కమిటీ జాగ్రత్త పడటంలో తప్పేముంది అని. ఆ ఆందోళనను నేను తేలిగ్గా తీసుకోను. పాప ముఖంలో లేని విచారాన్ని చూసింది నేనే. కానీ గాయం గురించి చెప్పినవాళ్లను పక్కన పెడితే గాయం ఉన్నవాళ్లు పోరు, చెప్పనివాళ్లు మిగులుతారు, అంతే. డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే మానసిక చికిత్సను రూపొందించిన మార్షా లినెహన్, తాను పదిహేడేళ్ల వయసులో మానసిక వైద్యశాలలో ఉన్నానని లోకానికి చెప్పింది 2011లో, తన చికిత్సా పద్ధతి ఎందరి ప్రాణాలో నిలబెట్టాక. అంతకు ముందే చెప్పి ఉంటే ఆమెను ఎంతమంది లోపలికి రానిచ్చేవారో నేను ఊహించుకోలేను. నా చూపులో ఉన్న వంకరను బయటపెట్టింది ఏ కమిటీ వడపోతా కాదు. రెండో కోడర్ ఉండాలన్న ల్యాబ్ నియమం, ఒక గణిత సూత్రం, ఓపిగ్గా ప్రశ్న అడిగిన ఒక తోటి మనిషి. శిక్షణ అంటే అదే కదా, దానికోసమే కదా మనం దరఖాస్తు పెట్టేది.

నాలుగు ఇంటర్వ్యూల్లో ఒకదాంట్లో మాత్రమే నాన్న ప్రస్తావన వచ్చింది. నేను తర్వాత చేరింది ఆ ల్యాబ్‌లోనే. ప్రొఫెసర్ నా స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని, "మీ గ్రహణశక్తి ఇతరుల కంటే ఎక్కువేమీ కాదనీ, హద్దు మాత్రమే జరిగిందనీ తేలితే మీకెలా ఉంటుంది?" అని అడిగారు. బహుశా అంతమంది పిల్లలు ఏళ్ల తరబడి పడ్డ కాపలా శ్రమకు ప్రతిఫలంగా ఒక శక్తి అయినా వచ్చిందని చెప్పాలని నాకు ఉందనీ, అందుకే ఆ జవాబు వస్తే నాకు కష్టంగా ఉంటుందనీ చెప్పాను. అంచనాలనూ విశ్లేషణ పద్ధతినీ డేటా సేకరించకముందే నమోదు చేసి పెడతాననీ, అప్పుడు నాకు ఇష్టమైన జవాబు వైపు లెక్కలను జరిపే వీలు ఉండదనీ అన్నాను. 2015లో వంద సైకాలజీ ప్రయోగాలను మళ్లీ చేసి చూస్తే 36 శాతంలోనే గణాంకపరంగా చెప్పుకోదగ్గ ఫలితం తిరిగి వచ్చిందన్న సంగతి ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. ఆయన తల ఊపి, తర్వాతి ప్రశ్నకు వెళ్లారు.

సీటు ఖాయమయ్యాక రెండో స్టేట్‌మెంట్‌ను నాన్నకు పంపాను. మొదటిది ఆయనకు ఎప్పుడూ చూపించలేదు. ఆయన దాన్ని చదివి, రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, గ్రహణశక్తి అంటే ఏమిటి, హద్దు అంటే ఏమిటి అని వివరంగా అడిగారు. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు.

"ఆ కుర్చీలో కూర్చున్నప్పుడల్లా నేను బాధలోనే ఉన్నాననుకునేదానివా?" అన్నారు చివరికి. "కొన్నిసార్లు ఊరికే కూర్చునేవాణ్ని."

"ఏ రోజు ఏదో చెప్పగలవా నాన్నా?"

"అప్పుడు నాకే తెలిసేది కాదు," అన్నారు.